లేని ఇద్దరు

హెప్సిబా ఆ మాట అన్నం తినేటప్పుడు అన్నది. చింతచిగురు పప్పు వడ్డిస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అన్నది.

"కేరళల సైలెంట్ వ్యాలీ అని ఒక అడివి ఉన్నదంట. కోట్ల ఏండ్ల నాటిదంట. మనుషులు పుట్టకముందు నుంచి గట్లనే ఉన్నదంట. పోయి చూసొద్దామా?"

ప్రభు నోటిదాకా తెచ్చిన ముద్దని మళ్లీ కంచంలో పెట్టాడు. కూర్చున్న చోటి నుంచి కిటికీలోకి చూస్తే మిర్చి చేను, చేను దాటితే టేకు చెట్లు, వాటి వెనక గుట్టలు, గుట్టల వెనక ఛత్తీస్‌గఢ్. చర్ల దాటి ఇంత లోపలికి వచ్చి ఉద్యోగాలు చేసుకుంటున్న ఇద్దరు మనుషులకు ఏది కరువైనా అడవి మాత్రం కరువు కాదు.

"అడివి చూసేటందుకు రైలెక్కి పోవాల్నా? మరి గీడున్నదేంది?"

"గీడ నడవనిస్తరా?" అన్నది ఆమె. "యాడికి పోతున్నవ్, ఎవరు కనపడ్డరు, ఎప్పుడొస్తవ్ అని అడిగేటోడు లేకుండ ఒక్కసారన్న చెట్ల నడుమ నడవాలని ఉన్నది. అంతే."

ఆ 'అంతే' దగ్గర ప్రభుకు అనుమానం మొదలైంది.

ప్రభు ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్. జ్వరమని వచ్చినవాళ్ల వేలు పొడిచి, నెత్తురు చుక్కని గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపులో మలేరియా కోసం వెతకడం అతని పని. ఉందని చెప్పడం సులువు, ఒక్కటి కనపడితే చాలు. లేదని చెప్పాలంటేనే చాలాసేపు పడుతుంది. పలకని కొంచెం కొంచెం జరుపుకుంటూ వంద చోట్ల చూడాలి. వందా చూశాక కూడా, ఆ పక్క చోట ఉందేమోననే గుంజాటనతోనే నెగెటివ్ అని రాస్తాడు. ఏళ్ల తరబడి ఇదే పని చేసీ చేసీ, మనుషుల మాటల్ని కూడా అతను అలాగే జరిపి జరిపి చూడటం నేర్చుకున్నాడు. హెప్సిబా అదే కేంద్రంలో ఏఎన్‌ఎం. వాగులు దాటి ఊళ్లు తిరిగి, పిల్లలకు సూదులు వేసి, బాలింతల్ని చూసి వచ్చే మనిషి. పెళ్లయిన నాటినుంచి ఆమె ఫలానాది కావాలని అడిగింది లేదు. ఎన్నడూ అడగని మనిషి ఇప్పుడెందుకు అడిగింది?

"ఎవరు చెప్పిన్రు నీకు ఈ అడివి ముచ్చట?"

"లిస్సీ. భద్రాచలం దవాఖానాల నాతోని చేసిన నర్సు లేదా, కేరళామె, ఆమె. వాళ్ల చుట్టం కురియన్ అని, అడివి అంచున ఇల్లు కిరాయికిస్తడంట. ఇగో నంబర్. నువ్వే మాట్లాడు, నీకు హిందీ వస్తది."

"నేను రానంటే?"

"నేనొక్కదాన్నే పోత," అని నవ్వింది.

ఆ నవ్వుని కూడా ప్రభు పక్కన పెట్టుకున్నాడు, తర్వాత చూడటానికి.

వాళ్ల ఇంట్లో సిగ్నల్ రాదు. ఊరి మొదట్లో నీళ్ల ట్యాంకు కింద వస్తుంది. ట్యాంకుని ఆనుకునే పుష్ప హోటల్. దాని బెంచీల మీద ఆటోవాళ్లు, కూలికి వచ్చినవాళ్లు, పోలీసు క్యాంపు నుంచి మఫ్టీలో వచ్చి టీ తాగే కానిస్టేబులు, ఎవరి తరఫువాళ్లో తెలియని ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. ఊళ్లో ఎవరు ఎవరితో ఫోన్‌లో ఏం మాట్లాడినా ముందు ఆ బెంచీలకు తెలియాల్సిందే.

కురియన్ గొంతు మెత్తగా ఉంది. ఎంతమంది వస్తారు? ఎక్కడి నుంచి? ఏ బండి మీద? తిరుగు ప్రయాణం ఎప్పుడు? ఇల్లు కిరాయికి ఇచ్చే ఎవరైనా అడిగే ప్రశ్నలే. కానీ అవి ఒకదాని వెనక ఒకటి వస్తుంటే ప్రభుకు నాయన గుర్తొచ్చాడు.

అతని నాయన సంసోను చర్లకూ భద్రాచలానికీ మధ్య సర్వీసు జీపు నడిపేవాడు. ఆ రోజుల్లో ఆ జీపుని పగలు పోలీసులు ఆపేవారు, పొద్దు గూకాక అడవిలోవాళ్లు ఆపేవారు. అడిగే ప్రశ్నలు మాత్రం ఇద్దరివీ ఒకటే. ఎంతమంది ఎక్కారు, ఎక్కడ దిగారు, మళ్లీ ఎప్పుడు వస్తారు. సంసోను ఒకసారి పగటివాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాడు, ఇద్దరు వాగు దగ్గర దిగారని. వారం తిరక్కుండానే రెండోవాళ్లు వచ్చి, ఆ మాట చెప్పింది నువ్వేనా అని అతన్ని తీసుకుపోయారు. ప్రాణాలతో తిరిగొచ్చాడు గానీ చాలా రోజులు ఇంట్లో కూడా నోరు విప్పలేదు. విప్పాక కొడుకుతో అన్న మొదటి మాట ఇది. లెక్క అడిగితే ఇద్దర్ని కలిపి చెప్పు. ఊరడిగితే పక్క ఊరు చెప్పు.

ఇప్పుడు ఆ భయాలు చాలావరకు సద్దుమణిగాయి. తారురోడ్డు పడింది. అలవాటు మాత్రం ఊరంతటికీ మిగిలిపోయింది. ఆ ఊళ్లో ఇప్పటికీ చర్ల పోయేవాడు భద్రాచలం అంటాడు, భద్రాచలం పోయేవాడు చర్ల అంటాడు. విన్నవాడు కూడా తలూపి, రెండోదే అర్థం చేసుకుంటాడు. అందులో ఎవరికీ మోసం లేదు.

"నలుగురం," అన్నాడు ప్రభు ఫోన్‌లో. "ఖమ్మం నుంచి. సొంత కారు."

అబద్ధం ఆడుతున్నాననే స్పృహ కూడా అతనికి లేదు. దగ్గొస్తే నోటికి చెయ్యి అడ్డం పోయినట్టు వచ్చింది ఆ మాట. ఈ ఊరి మనిషైతే నలుగురంటే ఇద్దర్ని తీసేసి వినేవాడు. కురియన్‌కు ఆ తీసివేత తెలియదు.

ఫోన్ పెట్టేయగానే పుష్ప గ్లాసులు కడుగుతూ అడిగింది. "ఎవరితోని సారూ, హిందీల దంచుతున్నవ్?"

"వేంసూరుల మా మరదలి బిడ్డ పెండ్లి. వంటోళ్లు బీహారోళ్లంట."

"బీహారోళ్లు పప్పుచారు పెడతరా సారూ!" అని పుష్ప నవ్వింది. బెంచీల మీదవాళ్లూ నవ్వారు. కానిస్టేబులు మాత్రం టీ చల్లార్చుకుంటూ ప్రభునే చూశాడు.

సరిగ్గా ఆ వారం నుంచే ఊరు అతనితో వేరేగా ప్రవర్తించడం మొదలుపెట్టింది.

ముందు డాక్టరమ్మ. పద్మప్రియ చిన్నపిల్ల, ఎప్పుడూ హడావుడి. ఆ రోజు ల్యాబ్ గుమ్మం దగ్గర ఆగి, "ప్రభు గారూ, నిలబడి చెయ్యకండి, కుర్చీ వేసుకోండి," అని, ఇంకేదో చెప్పబోయి చెప్పకుండా వెళ్లిపోయింది. తర్వాత పుష్ప. అడగకుండానే చక్కెర లేని టీ పోసి, పైసలిస్తే వద్దన్నది. ఆదివారం చర్చిలో పాస్టర్ గారు అందరికోసం ప్రార్థన అయ్యాక అతని దగ్గరికి వచ్చి, నెత్తి మీద చెయ్యి పెట్టి, "దేవా, ఈ శరీరంలో నువ్వు చూడని చోటు లేదు," అని కళ్లు మూసుకున్నాడు. ఆ చెయ్యి బరువుగా ఉంది. ప్రభు కళ్లు మూయలేదు. వంచిన తల ఎత్తకుండానే పక్కకు చూస్తే హెప్సిబా ముసుగు సర్దుకుంటూ నేల చూస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది, నెల కింద ఆమె తీసిన నెత్తురు. "యాభై దాటినయి, ఒకసారి అన్నీ చేపిద్దాం," అని తనే సూది గుచ్చి, ట్యూబు నింపి భద్రాచలం పంపింది. తర్వాత అడిగితే, అంతా మంచిగనే ఉన్నదంట అన్నది. ఉన్నది అనలేదు, ఉన్నదంట అన్నది.

ఇవన్నీ ఒక్కొక్కటే జరిగి వచ్చి తమ చోట్లో కూర్చున్నాయి. అడవి చూడాలన్నది ఆమె కోరిక ఎట్లా అవుతుంది? ఈ లోకం నుంచి పోయేవాడికి ఏదో ఒకటి చూపించాలి. నీ కోసమంటే వాడు అర్థం చేసుకుంటాడు, అందుకని నా కోసమనాలి. హెప్సిబాకు అది కొత్త విద్య కాదు. ఊళ్లలో రోగుల దగ్గర ఆమె వాడే గొంతు అతనికి తెలుసు. భరించలేని మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె కోళ్ల గురించి, వానల గురించి ఎంత నిదానంగా మాట్లాడుతుందో చూశాడు. చింతచిగురు పప్పు వడ్డిస్తూ మాట్లాడింది కూడా ఆ గొంతుతోనేనా? ఎంత గుర్తు తెచ్చుకుంటే అంతగా అదే గొంతు అనిపించింది. ఆ నేర్పుకు ఒక పక్క మెచ్చుకోలు, ఇంకో పక్క భయం.

అడగొచ్చు. కానీ అడిగితే చెప్పే మనిషి ఇన్నాళ్లు ఎందుకు దాస్తుంది? అడిగాక చెప్పేది నిజమని ఏమిటి నమ్మకం?

ఒక మధ్యాహ్నం రోగులు లేనప్పుడు ప్రభు తన వేలే పొడుచుకున్నాడు. చుక్కని పరిచి, ఆరనిచ్చి, రంగు వేసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఎర్రకణాలు కుదురుగా ఉన్నాయి. తెల్లవి ఎక్కువగా ఉన్నాయా? లేవు. ఆకారం చెడినవి ఉన్నాయా? జరిపాడు. మళ్లీ జరిపాడు. పలక చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఏమీ లేదు. ఏమీ కనపడలేదు, అంతే. ఏదో ఒకటి కనపడి ఉంటే ఈపాటికి మనసు కుదుటపడేదేమోనని అనిపించి, ఆ ఆలోచనకు తనే ఉలిక్కిపడి పలకని బకెట్లో పడేశాడు.

ఇంట్లో ప్రయాణం సన్నాహాలు మాత్రం ఆగలేదు. హెప్సిబా రెండు రెయిన్‌కోట్లు తెచ్చింది. జలగలు పట్టకుండా మోకాళ్లదాకా వచ్చే మేజోళ్లు తెచ్చి మంచం మీద పరిచింది.

"నీకు కొత్త బూట్లు కూడ తేవాలె," అన్నది.

"నాకెందుకు కొత్తవి? ఎన్ని రోజులు తొడుక్కుంట?"

ఆమె అతని వంక చూసింది. "బురదల పాత చెప్పులతోని నడుస్తవా ఏంది?"

"అక్కడ కూడ పర్మిషన్ తీసుకోవాల్నంట గద. ఆధార్ ఇయ్యాల్నంట. మనతోని గైడ్ వస్తడంట. మరి అడిగేటోడు లేని అడివి అంటివి?"

"పోయేటప్పుడు పేరు రాసుకుంటరు. తిరిగొచ్చినంక, లోపల ఎవరిని చూసినవ్ అని అడగరు గద." మేజోళ్లు మడిచింది. "నీకు రావాలని లేకపోతే చెప్పు. రోజుకో వంక పెట్టకు."

గొంతులో విసుగు ఉంది. రోగితో ఎవరైనా విసుక్కుంటారా? ప్రభుకు ఒక్క క్షణం ఊపిరి ఆడింది. వెంటనే అనిపించింది, అనుమానం రాకుండా కావాలనే విసుక్కుంటోందేమో.

ప్రయాణం ఇంకా వారం ఉందనగా, సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి వచ్చి సంచీ దించలేదు. కాళ్లు కడుక్కోలేదు. కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"కురియన్ లిస్సీతోని ఫోన్ చేపిచ్చిండు. ట్యాంకు కాడ కలిసింది."

"ఏమన్నడు?"

"రెండు గదులు తయారు చేసిపెట్టిండంట. మిగిలిన ఇద్దరి పేర్లు కావాల్నంట, పర్మిషన్‌కు." గొంతు తగ్గించింది. "ఆ ఇద్దరు ఎవరు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోతే కారెందుకు? ఖమ్మం నుంచి ఎందుకన్నవ్? మనకు రైలు టికెట్లున్నయి."

"ఊకనే అన్న."

"ఊకనే ఎవరన్న అంటరా? పుష్పకు వేంసూరుల పెండ్లి అని చెప్పినవంట. మా చెల్లె బిడ్డ ఇంకా ఇంటర్ చదువుతున్నది, దానికి పెండ్లేంది?" ఆమె లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "నిజం చెప్పు. ఎవరన్న బెదిరిచ్చిన్రా నిన్ను? ఎవరినన్న దాటియ్యమన్నరా?"

ప్రభుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. పేర్లు లేని ఇద్దరు, ఖమ్మం నుంచి ఒక కారు, చాలా దూరాన ఒక అడవి, ఊళ్లో పెళ్లని ఒక కట్టుకథ. అడవిలోంచి ఎవరినో తప్పించి పంపించే మనిషి సరిగ్గా ఇట్లాగే చేస్తాడు. ట్యాంకు కింద టీ చల్లార్చుకున్న కానిస్టేబులు గుర్తొచ్చాడు.

"మా నాయన నేర్పిన లెక్క అది," అన్నాడు. జీపు సంగతి, వాగు సంగతి చెప్పాడు. చెబుతుంటే ఆ మాటలు తనకే అతికించినట్టు వినపడ్డాయి. హెప్సిబా వింటూ అతని ముఖం మీద చూపుని కొంచెం కొంచెంగా జరుపుతోంది, కళ్లు, నోరు, మళ్లీ కళ్లు. ఆ చూపు అతనికి బాగా తెలుసు. లేనివాళ్లని లేరని ఎట్లా చూపించాలి? ఎన్ని చోట్ల చూపిస్తే నమ్ముతుంది?

"మామ చెప్పిన ఈ మాట నువ్వు నాకెన్నడూ చెప్పలేదు," అన్నది ఆమె చివరికి.

"నువ్వు నాకన్నీ చెప్తున్నవా?" మాట జారింది. ఇక ఆపలేకపోయాడు. "నాకేమొచ్చింది హెప్సీ? భద్రాచలం రిపోర్టుల ఏమున్నది? డాక్టరమ్మకు తెలుసు, పుష్పకు తెలుసు, పాస్టర్ గారికి తెలుసు. నాకొక్కనికే తెల్వదు. చచ్చిపోయేటోనికి అడివి చూపిస్తున్నవా?"

హెప్సిబా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందని అతను అనుకున్నాడు. భుజాలు కదిలాయి. చేతులు తీస్తే నవ్వు, నవ్వులో కొంచెం తడి.

"వెల్లూరు," అన్నది.

"ఏంది?"

"మా సూపర్‌వైజర్‌కు వెల్లూరు పెద్ద దవాఖానకు పోతున్నమని చెప్పిన. నీకు పరీక్షలు చేపియ్యాలని. గీడినుంచి అడివి చూసేటందుకు పోతున్నమంటే లీవిస్తదా? క్యాంపుల నమ్ముతరా? ఎన్ని ప్రశ్నలొస్తయో నీకు తెల్వదా? వెల్లూరంటే ఎవరూ తిరిగి అడగరని అన్న. ఆమె డాక్టరమ్మకు చెప్పినట్టున్నది. ఇంకేముంది, ఊరికి పాకింది."

ఆ ఊళ్లో ఏ ఊరు పేరైనా తిప్పి వింటారు. జబ్బు పేరు మాత్రం ఎవరూ తిప్పరు, ఎందుకంటే ఎవరూ దాని మీద అబద్ధమాడరు. వేంసూరు నుంచి కోడలిగా వచ్చిన హెప్సిబాకు ఆ సంగతి తెలియదు.

"మరి చర్చిల తలెందుకు వంచుకున్నవ్?"

"సిగ్గయి. అబద్ధం మీద పాస్టర్ గారితోని మొక్కిపిస్తిని గద."

"రిపోర్టు?"

"ఫోన్‌ల చెప్పిన్రు. కాయితం భద్రాచలంలనే ఉన్నది. కావాల్నంటే పోయి తెచ్చుకో."

ఇద్దరూ నిజం చెప్పేశారు. చెప్పాక ఇంట్లో తేలిక రావాలి కదా, రాలేదు. ఆమె మాట పూర్తిగా నమ్మకంగా ఉంది. అంత నమ్మకంగా ఉండటమే అతనికి గుచ్చుకుంటోంది. ఆమె వంక చూస్తే, ఆమె కూడా ఇంకా ఆ ఇద్దరి కోసం వెతుకుతున్నట్టే ఉంది.

"ఒక మాట," అన్నది హెప్సిబా. "రేపు ట్యాంకు కాడికి పోయి కురియన్‌కు ఫోన్ చెయ్యి. ఉన్నదున్నట్టు చెప్పు. గట్టిగ, అందరు వినేటట్టు. లేకపోతే నేనొక్కదాన్నే పోత. ఈసారి నవ్వుతలేను."

మరుసటి రోజు పొద్దున బెంచీలు నిండుగా ఉన్నాయి. కానిస్టేబులు ఉన్నాడు. పుష్ప పాలు కాచుతోంది. హెప్సిబా చేతులు కట్టుకుని ట్యాంకు గోడకు ఆనుకుంది. ప్రభు నంబరు నొక్కాడు. అవతల రింగవుతుంటే, నాయన పక్కన నిలబడి వింటున్నట్టు అనిపించింది.

"ఇద్దరమే," అన్నాడు హిందీలో. అది చాలా సన్నగా వచ్చింది. హెప్సిబా కదల్లేదు. "ఇద్దరమే వస్తున్నాం, నేనూ నా భార్యా. ఖమ్మం నుంచి కాదు. చర్ల అవతల నుంచి. రైల్లో వస్తాం. అడవి చూడటానికి."

"మరి నలుగురని ఎందుకు చెప్పారు?" అన్నాడు కురియన్. అతని గొంతులో కోపం లేదు. ఊరికే అడిగాడు.

లెక్క తప్పిందని అనబోయాడు. నాలిక చివరిదాకా వచ్చింది. "భయమేసి," అన్నాడు.

కురియన్, "ఒక గది చాలు కదా అయితే," అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టుకుని తిరిగేసరికి, వచ్చిన కాస్త హిందీతోనే అంతా విన్న బెంచీలన్నీ అతని వైపే ఉన్నాయి.

"గదేంది సారూ," అన్నది పుష్ప, "మరి పెండ్లి?"

"పెండ్లి లేదు."

"వెల్లూరు?"

"వెల్లూరు కూడ లేదు పుష్పా," అన్నది హెప్సిబా. "కేరళ పోతున్నం. అడివి చూసేటందుకు."

బెంచీల మీద నవ్వులు. "అడివి చూసేటందుకంట!" అని ఒక ఆటో అతను తొడ చరుచుకున్నాడు. కానిస్టేబులు కూడా నవ్వి, "సరే సిస్టర్, మీరు ఎక్కడికన్న పోండ్రి, మేమేం అడుగుతలేం గద," అన్నాడు. పుష్ప మాత్రం నవ్వలేదు. ప్రభు ముఖంలోకి జాలిగా చూసి, "దేవుడున్నడు సారూ, అంతా మంచిగైతది," అని చక్కెర డబ్బా మూత బిగించి, అతని కోసం విడిగా టీ పోసింది.

హెప్సిబా వెళ్లి ఆ గ్లాసు తన చేతిలోకి తీసుకుంది. డబ్బా మూత తీసి, రెండు చెంచాల నిండా చక్కెర వేసి, కలిపి, తెచ్చి అతని చేతికిచ్చింది.

"తాగు," అన్నది. ఊళ్లలో వాడే గొంతు కాదు అది. అన్నం చల్లారిపోతోందని కేకేసే గొంతు.

చక్కెర టీ దేనికీ రుజువు కాదని ప్రభుకు తెలుసు. పలక మీద ఒక్క చోటు, అంతే. అయినా తాగాడు. తియ్యగా ఉంది, ఇన్నాళ్ల తర్వాత నోరంతా తియ్యగా. చివరిదాకా తాగి, గ్లాసు అడుగున కరగకుండా మిగిలిన చక్కెరని వెలుగుకు పట్టి ఒకసారి చూశాడు.

"ఇంకా ఏం చూస్తున్నవయ్యా?" అన్నది హెప్సిబా.

"ఏం లేదు," అని గ్లాసు పుష్పకిచ్చేశాడు. "పోదాం పా. చర్లల నాకు బూట్లు కొనాలె."

"చర్లలనేనా?" అన్నది ఆమె.

"చర్లలనే," అన్నాడు ప్రభు, బెంచీలకు కూడా వినపడేటట్టు.